ఒకే బల్ల, రెండు రిపోర్టులు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్నాలు తినే బల్ల మీద దేశం గురించి రెండు రిపోర్టులు తయారయ్యాయి. కిటికీ వైపు సగం మా ఆయనది, వంటింటి వైపు సగం నాది. మధ్యలో మా అత్తగారి మందుల డబ్బా. అదే సరిహద్దు అని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఆయన నా కాగితాలు ముట్టుకోకూడదు, నేను ఆయనవి ముట్టుకోకూడదు.

"మీ యుద్ధం సంగతి తర్వాత గానీ, ముందు నా బీపీ బిళ్ల ఇటు పడెయ్యండర్రా," అనేవారు మా అత్తగారు.

అసలు సంగతి చెప్పనివ్వండి. కొన్నేళ్లకోసారి మా దేశం ఎక్కడో దూరాన ఉన్న ఒక కమిటీకి జవాబు చెప్పుకోవాలి. తిండి, నీళ్లు, వైద్యం, చదువు, పని, తలదాచుకోడానికో గూడు, ఇవన్నీ జనం హక్కులని సంతకం పెట్టి ఒప్పుకున్నారు కదా, పోయినసారికీ ఇప్పటికీ ఎంత ముందుకెళ్లారు అని ఆ కమిటీ అడుగుతుంది. ప్రభుత్వం తన రిపోర్టు పంపుతుంది. ప్రభుత్వం నోరు విప్పని సంగతులన్నీ మాలాంటి సంఘాలు ఇంకో రిపోర్టుగా రాసి పంపుతాయి. కమిటీ వాళ్లు రెండూ చదివి, ప్రభుత్వం మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలేస్తారు. మా ఆయన ప్రణాళికా శాఖలో గణాంకాల అధికారి. వాళ్ల రిపోర్టులో వైద్యం గురించి రాసేది ఆయన. నేను హక్కుల సంఘంలో ఆస్పత్రుల చుట్టూ తిరిగి, జనం చెప్పింది విని రాసుకొచ్చే మనిషిని. మా రిపోర్టులో వైద్యం గురించి రాసేది నేను. ఇక చూసుకోండి మా కాపురం.

మా సంఘంలో లాయరమ్మ ఉంది. నేను పొద్దున్నే ఆఫీసులో అడుగుపెట్టడం ఆలస్యం, "ఏమే, మీ శత్రుదేశం ఎలా ఉంది?" అని మొదలుపెట్టేది.

"కూరలో ఉప్పెక్కువైందని ఇవాళ తీవ్ర నిరసన తెలిపింది," అనేదాన్ని నేను.

ఒకరోజు మాత్రం నవ్వకుండా అడిగింది. "ఒకే బల్ల మీద రాసుకుంటున్నారు. జాగ్రత్తగానే ఉంటున్నావా?"

నాకు ఒళ్లు మండింది. "మా ఆయన నా పర్సులోంచి చిల్లర తియ్యాలన్నా నన్నడిగి తీస్తారు. ఆయన్ని నువ్వు అనుమానించక్కర్లేదు," అన్నాను. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన అలాంటి మనిషే. అబద్ధం చెప్పలేను. నేను ఆస్పత్రులు తిరిగి వడదెబ్బ తిన్నదానిలా వచ్చి కుర్చీలో పడితే, చెప్పులు తీసి పక్కన పెట్టి, ఫ్యాను నావైపు తిప్పేవారు. "ఏమోయ్, నా దేశం మీద ఇవాళ ఏం నేరాలు మోపుకొచ్చావు?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

ఎండలు ముదురుతుండగా ఒక కాన్పుల ఆస్పత్రికి వెళ్లాను. వరండా నిండా బకెట్లు. ఒకావిడ భుజాన తువ్వాలు వేసుకుని, రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని, దారికడ్డం ఉన్నవాళ్లని "జరగండి జరగండి, నీళ్లొలికితే మళ్లీ మీరు తెస్తారా?" అని గదమాయిస్తూ వస్తోంది. ఆయమ్మ. ఆస్పత్రిలో డాక్టర్ల కంటే ఆవిడకే ఎక్కువ భయపడుతున్నారు జనం.

మెట్ల కింద బట్టల మూటల మధ్య కూర్చుని మాట్లాడుకున్నాం.

"కాన్పు గదిలో పంపు తిప్పితే గాలొస్తుంది మేడమ్, బుస్సుమని. మొన్న కొత్త నర్సు పామనుకుని కెవ్వున అరిచింది. మోటారు కాలిపోయి ఎన్నాళ్లయిందో. బాగుచేయించండి మహాప్రభో అంటే, పై నుంచి మంజూరు రాలేదంటారు. కాన్పులు మంజూరయ్యేదాకా ఆగుతాయా?"

"మరి ఈ నీళ్లు?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "రోడ్డవతల కార్లు కడిగే షెడ్డుంది. వాడికి బోరుంది. రోజుకు ఎన్ని బకెట్లయినా పట్టుకో అక్కా అంటాడు. వాడూ పైసా తీసుకోడు, నేనూ ఎవరి దగ్గరా తీసుకోను. కాకపోతే నోటి తీట ఎక్కువ. 'అక్కా, ముందు ఈ కారు కడగనా, నీ పాపల్ని కడగనా' అంటాడు."

నేను పగలబడి నవ్వాను. ఆవిడా నవ్వింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, నేను కాంట్రాక్టు మనిషిని. ఈ ఎండాకాలం గడిస్తే పర్మినెంటు చేస్తామన్నారు. దానికోసం పదిహేనేళ్లుగా కాచుక్కూచున్నా. నేను చెప్పానని తెలిస్తే గేటు బయటికి నెడతారు. మా అమ్మ మంచంలో ఉంది. నా జీతం తప్ప ఇంకో ఆధారం లేదు."

"మీ పేరు రాయను. ఆస్పత్రి పేరూ రాయను. షెడ్డు ఊసే ఎత్తను. బయటి నుంచి నీళ్లు మోసుకొస్తున్నారని మాత్రం రాస్తాను."

"మాటేనా?"

"మాటే," అన్నాను.

ఆ మాట ప్రకారమే రాశాను. అక్షరం అటూ ఇటూ పోలేదు. కాని ఆ సాయంత్రం అన్నాల దగ్గర షెడ్డువాడి మాట గుర్తొచ్చి మళ్లీ నవ్వొచ్చింది. మా ఆయన ఎందుకని అడిగారు. కార్లు కడగడం, పాపల్ని కడగడం, ఎవరూ పైసా తీసుకోకుండా ఆయమ్మ నీళ్లు మోయడం చెప్పాను. ఆయనకి పొలమారింది. మా అత్తగారు లేచి ఆయన నెత్తిమీద తట్టారు.

"బాగుంది. ఏ ఆస్పత్రి అది?" అన్నారు ఆయన, కళ్లు తుడుచుకుంటూ.

"చెప్పను. శత్రుదేశానికి అసలు చెప్పను."

"అక్కర్లేదులే," అని నవ్వేసి కూర వడ్డించుకున్నారు. ఊళ్లో కాన్పుల ఆస్పత్రి ఎదురుగా కార్లు కడిగే షెడ్డు ఒక్కటే ఉంటుందని నాకు తట్టలేదు. ఆయనకి ఎందుకు తట్టదు? ఊళ్లో ఏ ఆస్పత్రి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పే మనిషి.

మా రిపోర్టు కమిటీకి వెళ్లింది. వాళ్లది అంతకుముందే వెళ్లింది. మా వాళ్లు రాసిన వాటికి జవాబులు సిద్ధం చేసుకోవాలని మా ఆయన పొద్దుపోయాక గానీ ఇంటికి వచ్చేవారు కాదు. ఇల్లంతా ఉక్క. ఆయన ముఖం పీక్కుపోయింది. నాకే జాలేసి, "అంత కష్టమైతే నిజం ఒప్పేసుకోండి, హాయిగా నిద్రపడుతుంది," అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. అలసిపోయారనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆస్పత్రి వైపు వెళ్తే, వరండాలో బకెట్లు లేవు. కొత్త మోటారు బిగించారట. కాన్పు గదిలో పంపు తిప్పి చూశాను. చెయ్యి తడిసింది. నా సంతోషం ఏం చెప్పను! ఆయమ్మ కోసం చూశాను. సెలవులో ఉందని నర్సు చెప్పి, గబగబా లోపలికి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి, కమిటీ దగ్గరికి వెళ్లే విమానం ఎక్కడానికి బట్టలు సర్దుకుంటున్న మా ఆయనకి చెప్పాను.

"నీళ్లొచ్చేశాయండీ ఆ ఆస్పత్రికి!"

"ఊఁ. మంచిదే కదా," అన్నారు చొక్కా మడతపెడుతూ. అది తీసుకుని నేనే సరిగ్గా మడతపెట్టి పెట్టెలో పెట్టాను.

కమిటీ ముందు మా దేశం కూర్చున్న రోజు మా ఆఫీసులో అందరం గోడమీద తెరకెదురుగా చేరాం. ఎక్కడో జరుగుతున్నది ఇక్కడ కళ్లముందే కనిపిస్తోంది. ముందు వరసలో శాఖకి పెద్ద, అందరూ పెద్దసారు అంటారు. ఆయన వెనక మా ఆయన. నేను మడతపెట్టిన చొక్కానే వేసుకున్నారు. మావాళ్లు నన్ను చూసి ఈలలు వేశారు.

కమిటీలో ఒకావిడ, తెల్లజుట్టు మనిషి, కళ్లద్దాలు సర్దుకుని అడిగింది. కాన్పు గదిలో నీళ్లు లేక బయటి నుంచి మోసుకొస్తున్న ఆస్పత్రి ఉందని పౌరసంఘాలు రాశాయి, ప్రభుత్వం ఏమంటుంది? అది నా వాక్యం. లాయరమ్మ నా వీపు చరిచింది. నాకు ఊపిరాడలేదు సంతోషంతో.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు.

"ఆ సంగతి మేం విచారించాం. ఆస్పత్రిలో నీళ్లకి లోటు లేదు. ఒక కాంట్రాక్టు ఉద్యోగిని సొంత లాభం కోసం..." అని ఆగి వెనక్కి వాలాడు. మా ఆయన ముందుకు వంగి చెవిలో ఏదో చెప్పారు. పెద్దసారు మళ్లీ అందుకున్నాడు. "సొంత లాభం కోసం, రోడ్డవతల కార్లు కడిగే షెడ్డు నుంచి నీళ్లు తెచ్చి రోగులకి అమ్ముకుంటోంది. ఆమెను విధుల నుంచి తప్పించాం. నీటి సరఫరాని మరింత మెరుగుపరిచాం."

మా ఆయన వెనక కూర్చుని తల ఊపారు. రెండుసార్లు.

గదిలో ఎవరో "ఛీ, ఎవరా మనిషి, నీళ్లమ్ముకోవడమేంటి?" అన్నారు. ఇంకొకరు నీళ్ల సీసా మూత తిప్పుతున్నారు. లాయరమ్మ ఒక్కతే నావైపు తిరిగింది.

"కార్ల షెడ్డు సంగతి మనం రాయలేదు కదా?"

"రాయలేదు," అన్నాను.

ఆవిడకి అర్థమైంది. నా భుజం మీద చెయ్యి వేసింది. తెరమీద ఇంకెవరో పిల్లల చదువుల గురించి అడుగుతున్నారు. నేను అక్కడే కూర్చుని చివరిదాకా చూశాను. ఆయన మధ్యలో ఒకసారి జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. అలసిపోయి ఉంటారు అని, నా బుద్ధి మండ, అప్పుడు కూడా అనుకున్నాను.

మర్నాడు ఆయమ్మ ఇంటికి వెళ్లాను. ఒకటే గది, తల్లి మంచం, మంచం కింద గిన్నెలు. ఆవిడ నన్ను చూసి భోరుమంది.

"చూశారా మేడమ్, ఆ షెడ్డువాడు నా కొంప ముంచాడు! సూపరింటెండెంటు పిలిచి, షెడ్డు నుంచి నీళ్లు తెచ్చి అమ్ముతున్నావట అన్నాడు. ఆస్పత్రిలో వాళ్లు నోరు విప్పరు, వాళ్లకీ ఆ నీళ్లే దిక్కు. ఇక షెడ్డు సంగతి వాడికి, మీకు తప్ప ఎవరికి తెలుసు? మీరు మాటిచ్చారు. ఇక వాడే కదా! వెళ్లి వాడి పెళ్లాం ముందే వాణ్ని నడిరోడ్డు మీద కడిగేశాను. నీ నోట్లో పురుగులు పడ అన్నాను. నేను కాదక్కా, నేను కాదక్కా అని కాళ్లు పట్టుకున్నాడు, దొంగ ఏడుపులు."

మంచంలో పెద్దావిడ నీళ్లివ్వమని సైగ చేస్తే కూతురు లేచి ఇచ్చింది.

"ఎంక్వయిరీ పెట్టారట. వచ్చే సోమవారం. అక్కడ నాకేం చెప్పడం వస్తుంది? మీరొస్తారా?"

"వస్తాను. నేనొక్కదాన్నే కాదు, ఇంకొకళ్లని కూడా తీసుకొస్తాను," అన్నాను.

మా ఆయన తిరిగొచ్చారు. నాకో శాలువా, వాళ్లమ్మకి చేతికర్ర. ముఖంలో కొత్త వెలుగు. ఆరోగ్య విభాగానికి ఆయన్నే అధిపతిని చేస్తున్నారట. కమిటీ తన చివరి మాటల్లో, ఆస్పత్రికి త్వరగా నీళ్లు ఏర్పాటు చేసినందుకు మా దేశాన్ని మెచ్చుకుందట. కాళ్లు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని ఆయనే చెప్పారు. నేను కంచం పెట్టలేదు.

"చెవిలో ఏం చెప్పారు?"

ఏమిటని అడగలేదు ఆయన. అడిగితే ఇంకా ఒళ్లు మండేది. "షెడ్డు ఎక్కడుందని అడిగాడు. రోడ్డవతల అన్నాను."

"నీళ్లమ్ముకుందని ఆయన అంటుంటే తల ఊపారు. నేను చూశాను."

"ఆవిడ పైసా తీసుకోలేదనే నేను పెద్దసారుకి చెప్పాను. ముందే చెప్పాను. ఆ మోటారు వేయించడానికే చెప్పాను. వేశారు. అమ్ముకోవడం ఆయన కలుపుకున్నాడు. అంతమందిలో, అక్కడ, కాదని నేనెలా అంటాను? దేశం తరపున వెళ్లాం."

"ఆవిడ ఉద్యోగం పోయింది."

"అది నేననుకోలేదు. కానీ నీళ్లొచ్చాయి కదా? నీక్కావలసింది అదే కదా?" అని గొంతు పెంచారు. "నీ కాగితం నేను ముట్టుకున్నానా? ఒప్పందం తప్పానా? చెప్పు. నువ్వే చెప్పావు, నేను విన్నాను. అంతేగా?"

నిజంగానే ఆయన ఏ కాగితమూ ముట్టుకోలేదు. ఇన్నాళ్లూ ఫ్యాను నావైపు తిప్పి, ఇవాళేం జరిగిందోయ్ అని అడిగిన ప్రతిసారీ ఎవరు అడిగారు, మా ఆయనా, ప్రణాళికా శాఖా? పెళ్లైన నాటి నుంచి ఆయనకి చెప్పినవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

మంచం మీద నుంచి మా అత్తగారు లేచి వచ్చారు, కొత్త చేతికర్ర లేకుండా గోడ పట్టుకుని.

"ఒరేయ్, అది చెప్పింది మొగుడికిరా. ప్రభుత్వానికి కాదు."

"నువ్వూరుకోమ్మా, నీకు తెలియదు."

"ఏం తెలియదు? ఆ రోజు పొలమారితే నీ నెత్తిమీద తట్టింది నేనే కదరా," అన్నారు ఆవిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన తల దించుకున్నారు.

అప్పుడే అడిగాను. అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు. "సోమవారం ఎంక్వయిరీ. వచ్చి ఒక్క మాట చెప్పండి. పైసా తీసుకోలేదని మీకు ముందే తెలుసని. నేను చెబితే పుకారంటారు. మీరు చెబితే కాదనలేరు. ఆవిడ ఉద్యోగం నిలబడుతుంది."

ఆయన బల్లని గోటితో గీశారు. "వస్తాను," అన్నారు. "తప్పకుండా వస్తాను."

నమ్మాను. ఇంత జరిగాక కూడా నమ్మాను చూడండి, ఏమనాలి నన్ను?

సోమవారం ఆస్పత్రి వెనక భవనంలో ఎంక్వయిరీ. ఆయన ముందు ఆఫీసుకెళ్లి అక్కణ్నుంచే వస్తానన్నారు. నేనూ ఆయమ్మా బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. "ఆ వచ్చేది ఎవరు మేడమ్? పెద్దమనిషా?" అని అడిగింది. "పెద్దమనిషే," అన్నాను. గేటు వైపు చూసి చూసి కళ్లు లాగాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారి చేస్తే కట్ చేశారు.

లోపలికి పిలిచారు. విచారణ అధికారి ఫైలు తిరగేస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"రోగులకి నీళ్లు ఉచితంగానే ఇచ్చింది అంటున్నారు మీరు. మీకెలా తెలుసు?"

"ఆవిడే చెప్పింది."

"ఆమె అలాగే చెబుతుందమ్మా. ఇంకెవరికైనా తెలుసా? ప్రభుత్వంలో?"

"ప్రణాళికా శాఖలో ఒక అధికారికి తెలుసు. షెడ్డు సంగతి మీ పైవాళ్లకి చేరవేసింది ఆయనే. పైసా తీసుకోలేదని కూడా ఆయన అప్పుడే చెప్పారు."

అధికారి ఇప్పుడు తల ఎత్తాడు. "ఆయనకెవరు చెప్పారు?"

పక్కన ఆయమ్మ నావైపే చూస్తోందని చూడకుండానే తెలుస్తోంది. చెప్పకుండా బయటపడే దారి ఒకటి ఉండేదేమో. నాకు వద్దనిపించింది. ఆయన ఆ కమిటీ ముందు తల ఊపినట్టు నేనిక్కడ తల ఊపి ఊరుకోలేను.

"నేను," అన్నాను. "ఆయన నా భర్త."

అధికారి కలం మూత పెట్టాడు. "ఆయన స్వయంగా వచ్చి చెబితే రాసుకుంటాను. లేకపోతే ఇందులో నేను చేసేదేమీ లేదు. ఇవాళే ముగించమని పై నుంచి ఆదేశం." కాసేపు ఆగాడు, మర్యాదకి. గోడ గడియారం చూశాడు. తర్వాత ఫైలు కట్టేశాడు. కాంట్రాక్టు రద్దు అలాగే ఉంది.

బయటికొచ్చాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ చీర కొంగుతో ముఖం తుడుచుకుని రోడ్డవతలకి చూసింది. షెడ్డులో అతను గొట్టం పట్టుకుని ఎవరిదో కారు కడుగుతున్నాడు.

"పాపం, వాణ్ని ఊరికే అన్నాను కదా మేడమ్. పెళ్లాం ముందు. కాళ్లు పట్టుకున్నాడు," అంది. "ముందు వాడి దగ్గరికెళ్లాలి."

"నేనూ వస్తాను. తప్పంతా మా ఇంటిదని నేనే చెబుతాను అతనికి."

"మీరొద్దు." గొంతులో కోపం లేదు. మేడమ్ అన్న పిలుపు కూడా లేదు. "మీరింటికెళ్లండి. ఏదైనా ఉంటే మీవారికి చెప్పుకోండి."

ఆవిడ రోడ్డు దాటి షెడ్డులోకి వెళ్లింది. అతను ఆవిడని చూసి గొట్టం కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవిడ చేతులు జోడించడం ఇక్కణ్నుంచే కనిపించింది. నేను గేటు దగ్గర ఎండలో నిలబడే ఉన్నాను. నాకు చెప్పుకోవడానికి ఇంట్లో ఇక మనిషి లేడని ఆవిడకెలా చెప్పను?